మగ్గం పక్కన రెండేళ్లు

కిందటి వారం మనం ఉమను జిరాక్స్ షాపు ముందు వదిలేసి వచ్చాం. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరులో ఏదో బెంగళూరు కంపెనీ ముద్ర ఉన్న అనుభవ పత్రం, ఆ పత్రంలో ఉమ ఒక్క రోజు కూడా చేయని రెండేళ్ల ఉద్యోగం. డిగ్రీ అయిన మూడేళ్లకు మన గద్వాల పిల్లను హైదరాబాదులో ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పనికి తీసుకుంటానంది. సోమవారం చేరాలి. ఈలోపు ఒక్క గండం గడవాలి. ఆమె రాసిచ్చిన వివరాలు నిజమో కాదో చూడడానికి ఇంటికి మనిషి వస్తాడు.

"ఏం పరేషాన్ కాకు. వాడొచ్చి ఇంటి ఫోటో తీస్కొని పోతడు, గంతే. ఒంటిగంటకు నాకు అన్నం బ్రేకు. అప్పుడు ఫోన్ చేస్త," అని పొద్దున ఫోన్లో ధైర్యం చెప్పింది మమత. ఆమెది గోపాల్‌పేట, ఉమతో పాటు డిగ్రీ చదివింది. ఈ దారి చూపించిందీ ఆమే. అదే అమీర్‌పేట కన్సల్టెన్సీ, అదే బెంగళూరు ముద్ర, అలాంటి కాగితమే పట్టుకుని మమత పోయిన నెలే ఇంకో కంపెనీలో కుర్చీ ఎక్కి కూర్చుంది.

వచ్చే మనిషి రేపు కదా అనుకున్న ఉమ నింపాదిగా రెండు కాపీలు తీయించుకుని, పొద్దున్నే సొసైటీకి పోయిన తండ్రి కోసం దారిలో భుజం నొప్పి మందు కొని, పన్నెండున్నరకు ఇంటి సందు తిరిగింది. తిరిగీ తిరగగానే కాళ్లు ఆగిపోయాయి. గుమ్మం ముందు ఎవరిదో బైకు ఉంది. చక్రాల నిండా మట్టి, హ్యాండిల్‌కు హెల్మెట్. దానికన్నా ముందు ఆమెకు తెలిసింది ఇంకొకటి. ఇంట్లో మగ్గం చప్పుడు లేదు. పనిదినం, పట్టపగలు రామేశ్వరమ్మ మగ్గం ఆపిందంటే ఇంటికి వచ్చినవాడు సామాన్యుడు కాడన్నమాట.

లోపలి నుంచి తల్లి గొంతు వినిపిస్తోంది. ఆ గొంతులో సంబరం.

"రెండేండ్ల సంది ఒక్క దినం నాగా పెట్టలే సారు నా బిడ్డ. వాళ్ల నాయనకు భుజం పోయినంక, పక్కన కూసునే నేను మగ్గం గుంతల దిగిన. అది పక్కన కూసున్నది. పొద్దుగాల్ల ఆరింటికి కూసుంటే సాయంత్రం దాక లేవకపోయేది. చీకటి వడ్డంక గా డబ్బా ముంగట పెట్టుకొని చదువుకునేది."

డబ్బా అంటే ల్యాప్‌టాప్. ఉమ గుమ్మంలోనే నిలబడిపోయింది. 

తప్పు తల్లిది కాదు. నిన్న పొద్దున ఉమ ఆమెతో చెప్పిన మాట ఒక్కటే. "కంపెనీ మనిషి వస్తే నా గురించి మంచిగ చెప్పమ్మ." బెంగళూరు సంగతి చెప్పలేదు. నాలుగుసార్లు చెప్పబోయింది, నాలుగుసార్లూ ముఖం చెల్లలేదు. పక్కింటి వాళ్లకు కూడా పెసరగింజంత అబద్ధం చెప్పని తల్లికి, నేను లేని ఊళ్లో చేయని పని చేశానని రాసిచ్చానమ్మా అని ఏ నోటితో చెబుతుంది? ఫోటో తీసుకుని పోతాడట కదా అని ఊరుకుంది. ఇప్పుడు రామేశ్వరమ్మ, పాపం, కూతురు అడిగినట్టే చేస్తోంది. మంచిగా చెబుతోంది. నేత ఇంట్లో ఆడపిల్ల గురించి అంతకన్నా మంచిమాట ఆమెకు తెలియదు మరి.

"గద్వాల చీర ఒక్క మనిషితోని అయ్యేది కాదు సారు, తెల్సా?" రామేశ్వరమ్మ చెప్పుకుపోతోంది. "ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండూ ఏడికాడికి కలపాలె. నేను నడిమిట్ల నాడె ఏస్త, పోగు దాంతోనే పోతది. అంచుకాడ కూసున్నోళ్లు అంచు నాడె అందుకొని, ఆ పోగుకు ఈ పోగు మెలేసి మళ్ల నా దిక్కు పంపాలె. ఒక్క మెలి తప్పిందనుకో, చీర కట్టినంక అంచు ఊడొస్తది. నా బిడ్డ మెలేసిన చీర ఒక్కటి వాపసు రాలే ఇప్పటిదాక."

"అట్లనా అమ్మా," అన్నాడు లోపలి మనిషి. కుర్ర గొంతు.

"నమ్మవా? ఆగు." పెట్టె మూత తీసిన చప్పుడు. "ఇగో. సర్కారోళ్ల చేనేత కార్డు. ఇంటికొచ్చి మగ్గానికి నంబరు కొట్టి ఇచ్చిపోయిన్రు. నేసేటోళ్ల కింద నా పేరు, పక్కన కూసునేటోళ్ల కింద దాని పేరు. తారీఖు గూడ ఉన్నది సూడు. ఫోటో తీస్కో సారు. అక్షరాలు మంచిగ పడాలె."

ఫోను క్లిక్కుమంది. ఉమ చేతిలోని కవరులో ఉన్న రెండేళ్లూ, తల్లి చేతిలోని కార్డులో ఉన్న రెండేళ్లూ ఒకే రెండేళ్లు. నెల సహా ఒకటే.

ఇక దాక్కుని లాభం లేదు. ఉమ లోపలికి అడుగుపెట్టింది. ఇంట్లో ఉన్న ఒకే ఒక ప్లాస్టిక్ కుర్చీలో పాతికేళ్లు కూడా లేని అబ్బాయి కూర్చున్నాడు. మెడలో గుర్తింపు కార్డు, ఒళ్లో ఫోను, చేతిలో సగం తాగిన చాయ్ గ్లాసు. ఆమెను చూసి లేచాడు.

"ఉమ గారేనా? నేను చరణ్, వెరిఫికేషన్. రేపు రావాల్సింది మేడం. పొద్దున వనపర్తిల పని జల్ది అయిపోయింది, బీచుపల్లి వంతెన దాటితే మీ ఊరే గదా అని ఇటు వచ్చిన." అతని చూపు ఆమె చేతిలోని కవరు మీద పడింది, మళ్లీ ఆమె ముఖం మీదికి వచ్చింది. "జర బయటికి వస్తరా? రెండు మాటలు."

రామేశ్వరమ్మ మురిసిపోతూ కూతురికి సైగ చేసింది. అంతా చెప్పేశాను, ఏమీ మిగల్చలేదు అన్నట్టు.

ఇంటి పక్క సందులో తీగ మీద రంగు వేసిన నూలు ఆరుతోంది. ఆ నీడలో నిలబడి చరణ్ ఫోను ఆమె వైపు తిప్పి చూపించాడు.

"దీన్ల మీరు పోయిన నెల దాక బెంగళూరుల ఉన్నట్టున్నది. రెండేండ్లు. అమ్మేమో ఈడనే ఉన్నరంటుంది. కార్డు కూడ ఈడనే ఉన్నరని చెప్తుంది."

"అమ్మకు తెల్వదు," అంది ఉమ. 

"ఏం తెల్వదు? మీరు బెంగళూరు పోయింది తెల్వదా, పోనిది తెల్వదా?"

ఉమ తల దించుకుంది. కింద నేల మీద నీలి రంగు నీళ్ల చుక్కలు పడి ఉన్నాయి. వాటిని చూస్తూ నిలబడింది. దబాయిస్తే ఎదురు దబాయించవచ్చు. ఈ అబ్బాయి దబాయించడం లేదు. జవాబు కోసం ఆగాడు, అంతే. అదే భరించలేకపోయింది ఆమె.

"పోలేదు," అంది చివరికి. "కానీ టెస్టింగ్ నాకు నిజంగ వచ్చు. ఇంటర్వ్యూల అడిగినవన్నీ నేనే చెప్పిన. మూడు రౌండ్లు. ఎవ్వలు వెనక నుంచి అందియ్యలే. ఫ్రెషర్ అని రాసినన్ని రోజులు ఒక్కలు గూడ పిలవలే. అనుభవం ఎంత అని అడుగుతరు, లేదంటే ఫోన్ పెట్టేస్తరు. పనిస్తనే గదా అనుభవం వచ్చేది?"

మాటలు బయటికి వచ్చాక తెలిసింది, ఇవన్నీ తను రాత్రిపూట తనకే చెప్పుకునే సంజాయిషీలని. ఇంకొకరి ముందు పెడితే ఎంత పలచగా ఉన్నాయో!

చరణ్ ఫోను కిందికి దించాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "మాది తెలకపల్లి అక్కా. నాది బీటెక్. మా అమ్మ ఎస్తేరమ్మ బొంబాయి పోయి మట్టి మోసి చదివిచ్చింది. మిమ్మల్ని తీసుకున్న ఈ కంపెనీకే నేను మూడుసార్లు రెజ్యూమె పంపిన. అనుభవం దగ్గర సున్న అని రాసిన. మూడుసార్లూ జవాబే రాలే."

మేడం పోయి అక్క వచ్చింది. ఆ పిలుపులో కోపం వెతికింది ఉమ. ఉంటే బాగుండేది. లేదు.

"నేనేదో పెద్ద నిజాయితీ మనిషినని చెప్పుకుంటలేను," అన్నాడతను. "అబద్ధం రాసే ధైర్యం నాకు లేకుండె, గంతే. ఈ పని దొరికింది. బైకు మీద తిరిగి కొలువులొచ్చినోళ్ల ఇండ్లు చూసుడు. నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, అన్నీ నావే." నవ్వబోయి మానుకున్నాడు.

 ఇన్నాళ్లూ ఉమ లెక్కలో మోసపోయేది ఒక కంపెనీ. అద్దాల మేడ, ఏసీ గది, పేరు తెలియని పెద్దవాళ్లు. వాళ్లకు పోయేదేముంది అనుకునేది. సున్న అని రాసి బయటే నిలబడిన మనిషి ఒకడుంటాడని, వాడు ఎర్రటి ఎండలో తన ఇంటికే వచ్చి అక్కా అని పిలుస్తాడని ఏనాడూ అనుకోలేదు.

"ఇప్పుడేం చేస్తవు?"

"నొక్కాలె." ఫోను చూపించాడు. తెర మీద రెండు గడులు. ఒకటి ఆకుపచ్చ, సరిపోయింది. ఒకటి ఎరుపు, సరిపోలేదు. "ఇంటికాన్నించి వంద అడుగులు జరిగితే ఇది పంజెయ్యదు. ఈడ నిలబడే నొక్కాలె. అమ్మ చెప్పింది నేను విన్న. ఫోటో తీసిన. విననట్టు ఎట్ల నొక్కాలె?"

"ఏంది బిడ్డా, సారును గిట్ల ఎండల నిలబెట్టినవ్?"

రామేశ్వరమ్మ గుమ్మం దిగి వచ్చింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఇద్దరి ముఖాలూ చూసింది. నలభై ఏళ్లుగా పోగుల్లో తేడా పట్టుకున్న కళ్లు, ముఖాల్లో తేడా పట్టుకోలేవా? నవ్వు మెల్లగా పోయింది.

"నేనేమన్న తప్పు మాట్లాడిన్నా?"

చరణ్ ఫోను వైపు చూస్తూ ఉండిపోయాడు. చెప్పాల్సింది ఉమే.

చెప్పింది. ఏడవకుండా చెబుదామనుకుంది, సగంలోనే ఏడుపు వచ్చింది. బెంగళూరు కంపెనీ, కన్సల్టెన్సీ, కాగితం, ముద్ర. రామేశ్వరమ్మకు సగం మాటలు అర్థం కాలేదు. అర్థమైన చోట మాత్రం సూటిగా పట్టుకుంది.

"రెండేండ్లు బెంగళూరుల చేసిన్నని రాసినవా?"

"ఆ."

"మరి ఈడ చేసింది?"

"అది రాయలే."

"ఎందుకు రాయలే?"

ఉమకు అమీర్‌పేటలో ఆ గది గుర్తుకొచ్చింది. కన్సల్టెన్సీ ఆయన రెజ్యూమె మీద పెన్ను పెట్టి, డిగ్రీ అయ్యాక ఏం చేశావమ్మా అని అడిగాడు. ఇంట్లో మగ్గం పని సార్ అంది. ఆయన నవ్వలేదు, వెక్కిరించనూ లేదు. అది ఎక్కడా చెప్పకు, దాన్ని ఖాళీ అంటారు, ఆ ఖాళీ మనం నింపుదాం అన్నాడు. ఉమ తల ఊపింది. ఇప్పుడు ఒళ్లు కాలిపోతున్నది ఆ తల ఊపినందుకే. ఆయన అనకముందే ఆమె మనసులో ఆ మాట ఉంది. కాలేజీ స్నేహితులు ఏం చేస్తున్నావే అని అడిగితే ఇంటర్వ్యూలకు తయారవుతున్నా అనేది గానీ, మగ్గం పక్కన కూర్చుంటున్నా అని ఒక్కసారీ అనలేదు. వీడియో కాల్ వస్తే మగ్గం కనబడకుండా గోడ వైపు తిరిగి కూర్చునేది.

"అది ఖాళీ అంటరమ్మ," అంది. "చదువు అయినంక కొలువు లేని దినాలన్నీ ఖాళీ కిందనే లెక్క."

"ఖాళీనా?" అంది రామేశ్వరమ్మ.

అంతే అంది. గట్టిగా కూడా అనలేదు. కూతురి చేతుల వైపు ఒకసారి చూసింది. కుడి చూపుడు వేలి కొసన పట్టుపోగు కోసి కోసి చర్మం మందం కట్టిన చోట చూసింది. తర్వాత వెనక్కి తిరిగి లోపలికి వెళ్లిపోయింది.

తిట్టి ఉంటే ఉమ తట్టుకునేది. రెండు దెబ్బలు వేసినా సరే అనుకునేది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నూలు కింద అలాగే నిలబడింది.

రెండు నిమిషాల్లో రామేశ్వరమ్మ మళ్లీ వచ్చింది. ముఖం కడుక్కుంది. కొంగు బిగించి దోపుకుంది. చరణ్ ముందు నిలబడి గడగడా మొదలుపెట్టింది.

"సారు, నేను అబద్ధం చెప్పిన. నా బిడ్డ ఈడ లేదు. బెంగళూరుల్నే ఉండె. సర్కారు పథకం వస్తదని ఉత్తగ దాని పేరు కార్డుల ఎక్కిచ్చిన. అది మగ్గం ముట్టుకోలే ఎన్నడూ. దానికి నేత రాదు. నా మాట రాసుకో."

 చీర ఒక్కటి వాపసు రాలేదని చెప్పుకున్న నోటి తడి ఇంకా ఆరలేదు. అదే నోటితో, దొంగ పేరు రాయించానని పరాయి మనిషి ముందు ఒప్పుకుంటోంది తల్లి. చేయని తప్పు నెత్తిన వేసుకుంటోంది. చేసిన పనిని లేదంటోంది.

చరణ్‌కు ఏం చేయాలో పాలుపోలేదు. "అట్లయితే నువ్వు రాసియ్యాలె అమ్మా. ముందు చెప్పింది తప్పని. కింద సంతకం పెట్టాలె." అని, తర్వాత ఉండబట్టలేక అడిగాడు. "మరి మగ్గానికి ఇద్దరు గావాలంటివి గదా. పక్కన ఎవరు కూసున్నరు రెండేండ్లు?"

"పక్కింటి హన్మమ్మ," అని ఒక క్షణం తడబడింది రామేశ్వరమ్మ. హన్మమ్మకు చూపు ఆనక ఐదేళ్లయిందని ఈ సందులో అందరికీ తెలుసు. ఆమె ఏ క్షణాన బయటికి వచ్చి పలకరిస్తుందో తెలియదు. "ఆమె లేకున్న నేనొక్కదాన్నే నేస్త. నమ్మవా? రా, సూపిస్త."

ఉమ వద్దమ్మా అనేలోపే ఆమె లోపలికి నడిచి గుంతలోకి దిగింది. ఉమ, చరణ్ వెనకే వచ్చారు. పసుప్పచ్చ ఒళ్లు, ఎర్రంచు, మగ్గం మీద సగమైన చీర. కాలితో మగ్గం తొక్కింది, నడిమి నాడె విసిరింది. నాడె అంచు దాకా పరుగెత్తి ఆగింది. అక్కడ అందుకునే చేయి లేదు. రామేశ్వరమ్మ నడుము వంచి, చేయి చాచి, అంచు నాడె అందుకుని తనే మెలి వేసింది. మళ్లీ వెనక్కి వచ్చి, వేసిన పోగును పలకతో దగ్గరికి కొట్టింది. ఇంకో వరుస వేసింది. ఇంకోసారి వంగింది. ఈసారి ఊపిరి గట్టిగా వినిపించింది. మూడో వరుసలో వంగినప్పుడు మోచేయి తగిలి పట్టుపోగు పుటుక్కున తెగింది.

"ఏం కాలే, ఏం కాలే," అంటూ తెగిన కొస కోసం వెతికింది. కళ్లజోడు గూట్లో ఉంది. ఎర్ర పోగుల మధ్య ఎర్ర కొస కనబడడం లేదు.  చరణ్ చూడలేక ముఖం తిప్పుకున్నాడు.

ఉమ ఏమీ ఆలోచించలేదు. ఆలోచిస్తే ఆగిపోయేదేమో. కవరు నేల మీద పడేసి, అంచు పక్కన తను రోజూ కూర్చునే చెక్క మీద కూర్చుని, రెండు వేళ్లతో కొస పట్టి, ఇంకో కొస పైకి లాగి, ముడి వేసి, మిగిలిన తోక పళ్లతో కొరికేసింది. అంచు నాడె అందుకుని మెలి వేసి తల్లి వైపు పంపింది. తల్లి చేయి కూడా అలవాటు కొద్దీ అందుకుంది. నాడె అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు నాలుగుసార్లు తిరిగాక గానీ ఇద్దరికీ తెలివి రాలేదు.

మగ్గం ఆగింది. రామేశ్వరమ్మ రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

"అమ్మ ఇప్పుడు చెప్పింది అబద్ధం తమ్మీ," అంది ఉమ. "ముందుగాల చెప్పిందే నిజం. సరిపోలేదనే నొక్కు."

"ఉమా, నోర్మూస్కో!" తల్లి గుంతలోంచి కసిరింది. "కొలువు పోతది. మూడేండ్లు తిప్పల పడ్డవ్. నేను పెడ్త సంతకం. నాకేమైతది? ముసల్దాన్ని."

"కొలువు పోతదమ్మ. తెల్సు." ఉమ కళ్లు తుడుచుకుంది. "నా కోసమని మన రెండేండ్లు లేవని రాసిస్తవా? నేను ఒక్కసారి రాసిన, చాలు."

 రామేశ్వరమ్మ నాడెను తీసి మగ్గం మీద పెట్టేసింది.

చరణ్ మగ్గం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "ఎర్రది నొక్కే ముంగట కింద ఒక గడి ఉంటది అక్కా. కారణం రాయాలె. ఏం రాయాలె?"

ఉమ చేయి చాచింది. అతను ఫోను ఇచ్చాడు. ఆ చిన్న గడిలో ఆమె ఒక్కొక్క అక్షరం కొట్టింది. బెంగళూరు అనుభవ పత్రం నిజం కాదు. ఆ రెండేళ్లు గద్వాలలో మా అమ్మతో చేనేత మగ్గం మీద పనిచేశాను, సాయంత్రాలు టెస్టింగ్ నేర్చుకున్నాను. చదువుకుంది. ఒక అక్షరం తప్పు పడితే దిద్దింది. తను చేసిన పనిని ఏ కాగితం మీదైనా రాయడం ఆమెకు ఇదే మొదటిసారి. సిగ్గు తగ్గిందని చెబితే నేను మీకు అబద్ధం చెప్పినట్టే. తగ్గలేదు. చెవుల దాకా ఉంది. కానీ ఇప్పుడది మగ్గం గురించిన సిగ్గు కాదు, మగ్గాన్ని దాచినందుకు సిగ్గు, అంత తేడా ఉంది.

చరణ్ ఫోను తీసుకుని చదివాడు. ఆకుపచ్చ గడి వైపు ఒకసారి చూశాడు. ఎర్ర గడి వైపు చూశాడు. ఏదో గుర్తొచ్చినవాడిలా తల ఎత్తాడు.

"అక్కా, జర ఆగు. ఒక్క మాట..."

"నొక్కు తమ్మీ. ఇంకో నిమిషమైతే నాకు ధైర్యం ఉండదు."

"అది గాదు..."

"నీకు దండం పెడ్త, నొక్కు."

నొక్కాడు. ఫోను చిన్నగా మోగింది, పంపినట్టు గుర్తు వచ్చింది. మూడేళ్ల మీద కట్టుకున్నదంతా పోవడానికి పట్టిన చప్పుడు అంతే. ఉమ కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలింది. తల్లి గుంతలో నుంచే చేయి చాచి కూతురి మోకాలి మీద వేసింది.  ఇల్లంతా జబ్బు మనిషి మంచం దిగి లేచినట్టు తేలికగా ఉంది.

చరణ్ మాత్రం కదల్లేదు. వెళ్లాల్సిన మనిషి, హెల్మెట్ అందుకోవాల్సిన మనిషి, ఉమ పడేసిన ప్లాస్టిక్ కవరు నేల మీద నుంచి తీసి, లోపలి కాగితం మీద ముద్రను చూస్తూ నిలబడ్డాడు.

"నేను చెప్పబోయింది ఇదే అక్కా," అన్నాడు. "ఒక్క కాగితం దొంగదని తేలితే దాంతోనే ఆగరు. ఈ బెంగళూరు పేరు మీద వచ్చిన కాగితాలన్నీ మళ్ల తెరుస్తరు. ఎవరెవరు ఏడేడ చేరిన్రో అందరివి."

ఉమకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది.

"పోయిన నెల గోపాల్‌పేటల ఒక ఇల్లు చూసిన," అతను కాగితం మీద నుంచి చూపు తీయలేదు. "ఇదే పేరు, ఇదే ముద్ర. ఇంట్ల ముసలవ్వ ఒక్కతే ఉండె. అవు బిడ్డా, నా మనవరాలు బెంగళూరుల్నే ఉండె అన్నది. తాగనీకె నీళ్లిచ్చింది. నేను సరిపోయిందని కొట్టిన. ఎట్ల కొట్టినవని ఇప్పుడు నన్ను గూడ అడుగుతరు. నాది ఏమన్న గానీ. ఆ అమ్మాయి పేరు..."

పేరు చెప్పనవసరం లేకపోయింది.

గూట్లో ఛార్జింగుకు పెట్టి వెళ్లిన ఉమ ఫోను మోగింది. గోడ గడియారంలో ఒంటిగంట. రామేశ్వరమ్మ గుంతలోంచి లేచి, కళ్లజోడు పెట్టుకుని, తెర మీద పేరు కూడబలుక్కుని చదివింది. ఇంత సేపటికి ఆమె ముఖంలో కొంచెం వెలుగు వచ్చింది. ఫోను తెచ్చి కూతురి చేతిలో పెట్టింది.

"మమతనే. నీ కోసం పరేషాన్ అయితుండొచ్చు పాపం. ఎత్తు బిడ్డా, మంచిగ చెప్పు."